సీజన్ టికెట్ కొనమనే ముందు మాకో హామీ ఇవ్వండి

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలకు, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బుల యజమానులకు, రేపు తెలుగు నేల మీద కొత్త క్లబ్ పెట్టాలనుకునేవారు ఎవరైనా ఉంటే వారికీ,

నమస్కారం. విజయవాడ నుంచి రాస్తున్నాను. మా ఊళ్ళో ఐఎస్ఎల్ జట్టు ఎప్పుడూ లేదు. అయినా ఆ లీగ్ టికెట్లు కొన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో ఆడే రోజుల్లో బెజవాడ, గుంటూరు, మంగళగిరి, తెనాలి కుర్రాళ్ళు కొందరం బస్సెక్కి వెళ్ళి, మ్యాచ్ చూసి, తెల్లారేసరికి ఇంటికి చేరేవాళ్ళం. ఇప్పుడు ఆ జట్టు హైదరాబాద్‌లో లేదు. 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మాకు దగ్గర్లో ఐఎస్ఎల్ మ్యాచ్ అంటే ఇక చెన్నైనే.

ఎప్పుడో ఒకప్పుడు ఇంకో యజమాని వస్తారు. హైదరాబాద్‌కో, విశాఖకో, మా అదృష్టం బాగుంటే విజయవాడకో ఒక క్లబ్ వస్తుంది. రాగానే సీజన్ టికెట్లు అమ్మకానికి పెడతారు, అసలైన అభిమానివైతే కొనమంటారు. అప్పుడు కొనాలా వద్దా అని మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటి నుంచే వాదన నడుస్తోంది. డబ్బు దండగ అనేవాళ్ళు కొందరు, జట్టు బతకాలంటే కొనాల్సిందే అనేవాళ్ళు కొందరు. నేను చెప్పేది మాత్రం ఒకటే. సీజన్ టికెట్ అంటే జట్టు ఆ ఏడాది సొంతగడ్డ మీద ఆడే మ్యాచ్‌లన్నిటికీ కలిపి ముందుగా చేతిలో పెట్టే డబ్బు. చిట్టీ ముందుగా పాడుకున్నవాడి దగ్గర కూడా జామీను సంతకాలు తీసుకోకుండా మా ఊళ్ళో ఎవరూ పైసా ఇవ్వరు. అభిమాని మాత్రం ఏ కాగితమూ అడక్కుండా ఏడాది డబ్బు కట్టేస్తున్నాడు.

ముందు లెక్క సంగతి చూద్దాం. 2024-25లో ఐఎస్ఎల్‌లో 13 జట్లు ఆడాయి. ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు, అందులో సొంతగడ్డ మీద 12. సొంత ఊళ్ళో ఉండే అభిమానికి సీజన్ టికెట్ మంచి బేరమే. విడివిడిగా కొన్నదాని కంటే తక్కువ పడుతుంది, మ్యాచ్‌మ్యాచ్‌కీ ఫోన్ పట్టుకుని టికెట్ దొరుకుతుందా లేదా అనే టెన్షన్ ఉండదు. రెండు మూడు మ్యాచ్‌లు పోగొట్టుకున్నా గిట్టుబాటే. విజయవాడ మనిషికి ఈ లెక్క తేలదు. హైదరాబాద్ 275 కిలోమీటర్లు. ఎల్బీ నగర్ చేరాక కూడా గచ్చిబౌలికి ఊరంతా అడ్డంగా దాటాలి. బుధవారం రాత్రి ఏడున్నర మ్యాచ్ అంటే మధ్యాహ్నం లోపే బయల్దేరాలి, మర్నాడు నిద్ర లేకుండానే ఆఫీసుకి పోవాలి. పన్నెండింట్లో శని, ఆదివారాల్లో పడేవే మాకు వీలు. రానూపోనూ బస్సు చార్జీలు, తిండి ఖర్చు కలిపితే వాటి ముందు మ్యాచ్ టికెట్ ధర ఎంత! అందుకే ధర ఎక్కువైందని మేమెప్పుడూ గొడవ పెట్టుకోలేదు. మన దేశంలో ఫుట్‌బాల్ టికెట్ సామాన్యుడికి అందుబాటులోనే ఉంది, అది ఒప్పుకోవాల్సిన విషయమే.

సగం మ్యాచ్‌లకు వెళ్ళలేమని తెలిసి కూడా టికెట్ కొనేవాళ్ళున్నారు. ఎందుకురా అంటే "మన జట్టు కదన్నా" అంటారు. యజమానులకు ఈ ఒక్క మాట ఎంత విలువైనదో ఆలోచించండి. బంతి కదలక ముందే చేతికి డబ్బు అందుతుంది. ఆటగాళ్ళ జీతాలకు, మైదానం అద్దెకు ఉపయోగపడుతుంది. ఇన్ని సీట్లు ముందే అమ్ముడుపోయాయని స్పాన్సర్‌కి చూపించుకోవచ్చు. వాన పడ్డా, జట్టు ఓడిపోతున్నా గ్యాలరీ పూర్తిగా బోసిపోదనే ధైర్యం ఉంటుంది. ఇన్ని లాభాలు ఒకవైపే ఉంటే దాన్ని బేరం అనలేం.

మేం గచ్చిబౌలికి ఎందుకంత కష్టపడి వెళ్ళేవాళ్ళమో కూడా చెప్పాలి, లేకపోతే మా కోపం మీకు అర్థం కాదు. కరోనా వల్ల వరుసగా రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ఆ రెండో సీజన్‌లో, 2022 మార్చి 20న, ఫతోర్దాలో హైదరాబాద్ కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. ఓటమి అంచున ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమని గోడలా నిలబడ్డాడు. ఆ రోజు గ్యాలరీల్లో కేరళవాళ్ళే ఎక్కువ. మనవాళ్ళు చాలామంది టీవీ ముందే కూర్చుని అరిచారు. అందుకే 2022-23లో జట్టు మళ్ళీ గచ్చిబౌలికి వచ్చినప్పుడు అంత ఊపు. చాంపియన్లని కళ్ళారా చూడటం అదే మొదలు.

2023 మార్చి 9, గురువారం. ఏటీకే మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ మొదటి మ్యాచ్. స్కోరు 0-0. గోల్ పడని మ్యాచ్‌లో ఏముంటుంది అని అడుగుతారు చూడనివాళ్ళు. మా వరసలో ఎవరూ సీట్లో కూర్చోలేదు. కార్నర్ పడ్డప్పుడల్లా డోలు ఆగిపోయేది, ముందు వరస కుర్రాళ్ళు ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకునేవాళ్ళు, బంతి బయటికి పోగానే డోలు మళ్ళీ అందుకునేది. నా పక్కన సంగారెడ్డి నుంచి వచ్చిన ఒక తండ్రి, కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని, ఎవరి దగ్గర బంతి ఉందో ఆ అమ్మాయికి పేరుపేరునా చెప్తున్నాడు. మ్యాచ్ అయ్యాక పసుపు జెర్సీలతోనే రాత్రి బస్సెక్కాం. సూర్యాపేట దాకా పక్క సీట్ల వాళ్ళకి ఆట ఎలా సాగిందో చెప్తూనే ఉన్నాం. కోల్‌కతాలో రెండో మ్యాచ్ కూడా 0-0 అయి పెనాల్టీల్లో పోయింది, అది వేరే సంగతి. ఆ సీజన్‌కి టికెట్ కొన్నవాడు రూపాయికి రూపాయి లెక్క కట్టుకున్నా నష్టపోలేదు. నన్నడిగితే ఎన్నో రెట్లు లాభపడ్డాడు.

మరుసటి ఏడాది పరిస్థితి అందరికీ తెలుసు. ఆటగాళ్ళకి జీతాలు అందలేదు. కొత్తవాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, మిగిలిన కుర్రాళ్ళతో నెట్టుకొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. ఓడిపోతే అభిమాని బాధపడతాడు గాని దగా పడ్డాననుకోడు. గెలుపు ఓటములు ఆటలో భాగం. ఆ చివరి స్థానంలో ఉన్న జట్టు కోసం కూడా గచ్చిబౌలికి వచ్చి అరిచినవాళ్ళున్నారు. జట్టే లేకుండా పోవడం మాత్రం ఆటలో భాగం కాదు.

ఇది ఒక్క హైదరాబాద్ కథ కూడా కాదు. 2019లో హైదరాబాద్‌కి ఆ స్థానం ఎలా వచ్చింది? పుణె సిటీ మూతపడి దాని బదులుగా వచ్చింది. అంటే మేం గచ్చిబౌలిలో సంబరాలు చేసుకుంటున్నప్పుడు పుణెలో కొంతమంది అభిమానులు జట్టు లేక కూర్చున్నారు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కి వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ళ తర్వాత ఢిల్లీ లోటు తీర్చడానికి హైదరాబాద్ జట్టు పోయింది. శ్రీనిధి క్లబ్‌కి 2020లో దేశంలోని మరో లీగ్ అయిన ఐ-లీగ్‌లో చోటిచ్చినప్పుడు విశాఖపట్నం పేరు మీదే ఇచ్చారు, తీరా ఆట మొదలయ్యాక దాని ఇల్లు హైదరాబాద్ అయింది. ప్రతిసారీ యజమానులు కారణాలు చెప్పారు. వాటిలో నిజమైన కష్టాలు ఉండొచ్చు. కానీ ఈ నిర్ణయాల్లో ఒక్కదానికైనా అభిమానిని కూర్చోబెట్టి అడిగిన దాఖలా నాకు కనపడలేదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పని ఒకసారి జరిగింది. దక్షిణ లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ని సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి దొరికింది. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి, ఇంగ్లండ్‌లో పేరున్న నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ అది. అభిమానులు ఒప్పుకోలేదు. ఆ వేసవిలోనే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టి, ఎవరొస్తే వాళ్ళని మైదానంలో పరీక్షించి జట్టు కట్టారు. తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011కల్లా నాలుగో అంచెకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020లో తమ పాత పేట ప్లౌ లేన్‌కి తిరిగొచ్చారు. ఆ క్లబ్ ఇప్పటికీ అభిమానులదే. 90 కిలోమీటర్లకే అంత పోరాటం జరిగితే, హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,500 కిలోమీటర్లు. మన దగ్గర ఒక ప్రకటనతో పని అయిపోయింది.

ఆ దేశం అక్కడితో ఆగలేదు. 2025లో బ్రిటన్ పార్లమెంటు ఫుట్‌బాల్ పాలన మీద ఒక చట్టమే తెచ్చింది. పై ఐదు అంచెల క్లబ్బులన్నీ ఒక స్వతంత్ర సంస్థ అదుపులోకి వస్తాయి. సొంత మైదానం అమ్మాలన్నా, వేరే చోటికి తరలాలన్నా దాని అనుమతి కావాలి. టికెట్ ధరల వంటి విషయాల్లో అభిమానులతో మాట్లాడాలి. మనకి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సమాఖ్య క్లబ్బులకి ఇచ్చే లైసెన్సు నియమాల్లో ఒక పేరా చేరిస్తే చాలు.

ఇంగ్లండ్‌లో సీజన్ టికెట్ల ధరలు మనం ఊహించలేనంత. అయినా అభిమానులు నోరు మూసుకుని కూర్చోలేదు. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో సండర్లాండ్‌తో ఆడుతోంది. తర్వాతి సీజన్‌కి అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లు చేస్తామని క్లబ్ ప్రకటించింది. సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో గెలుస్తోంది. వాళ్ళు వెళ్ళాక రెండు గోల్స్ సమర్పించుకుని 2-2తో ముగించింది. కొద్దిరోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ, వేరే ఊళ్ళకి జట్టు వెంట వెళ్ళే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని నిర్ణయించాయి. దూరం నుంచి వచ్చేవాళ్ళ ఖర్చు గురించి ఒక లీగ్ ఆలోచించిందంటే మా బోటివాళ్ళకి అది చాలా పెద్ద విషయం.

జర్మనీ సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. అక్కడ క్లబ్ నిర్ణయాల్లో ఓట్ల మెజారిటీ, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, సభ్యుల చేతిలోనే ఉండాలి. డోర్ట్‌మండ్ మైదానంలో ఒక్క దక్షిణ గ్యాలరీలోనే దాదాపు 25,000 మంది నిలబడి ఆట చూస్తారు, అదీ తక్కువ ధరకి. చాలా క్లబ్బుల్లో మ్యాచ్ టికెట్ చూపిస్తే ఆ రోజు సిటీ బస్సు, లోకల్ రైలు కూడా ఉచితం. సోమవారం రాత్రి మ్యాచ్‌లు పెడితే పని చేసుకునేవాళ్ళు ఎలా వస్తారని అభిమానులు అడ్డం తిరిగారు, 2021-22 నుంచి అక్కడి పెద్ద లీగ్ బుండెస్‌లీగా వాటిని ఎత్తేసింది. టీవీ వాళ్ళకి ఏ రోజు అనుకూలమో చూసినంత శ్రద్ధగా, గ్యాలరీలో కూర్చునేవాడికి ఏ రోజు కుదురుతుందో కూడా చూశారన్నమాట.

ఇక మన విషయం. 2025-26 సీజన్ ఏమైందో గుర్తు చేయక తప్పదు. సమాఖ్యకీ, లీగ్ నడిపే కంపెనీకీ మధ్య 15 ఏళ్ళ ఒప్పందం 2025 డిసెంబరుతో ముగుస్తుందని 2010లోనే తెలుసు. అయినా గడువు నెత్తి మీదికి వచ్చేదాకా తేల్చలేదు. శరత్కాలంలో మొదలవ్వాల్సిన లీగ్ 2026 ఫిబ్రవరి 14న మొదలైంది. 14 జట్లు, ఒక్కో జట్టుకు 13 మ్యాచ్‌లే. అంటే సొంతగడ్డ మీద ఆరో, ఏడో. అంతకు ముందు ఏడాది పన్నెండు. ఎన్ని మ్యాచ్‌లో, ఎప్పుడో, ఏ మైదానంలోనో తేలకుండా అభిమాని దేనికి డబ్బు కట్టాలి?

అందుకే అడుగుతున్నాను. మ్యాచ్‌ల తేదీలు, మైదానం ఖరారయ్యాకే సీజన్ టికెట్లు అమ్మండి. ఎన్ని మ్యాచ్‌లకి అమ్ముతున్నారో టికెట్ మీదే రాయండి. అంతకంటే తగ్గితే తగ్గినన్నిటికీ డబ్బు వెనక్కి రావాలి, అదీ మేం ఫోన్లు చేసి బతిమాలక ముందే, కట్టిన ఖాతాలోకే. మ్యాచ్ తేదీ మార్చాల్సి వస్తే కనీసం రెండు వారాల ముందు చెప్పండి. ఊళ్ళోవాళ్ళకి తేదీ మారితే ఇబ్బంది, మాకు తేదీ మారితే బస్సు టికెట్టూ, సెలవూ రెండూ పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఊరు మార్చడం గురించి. సీజన్ టికెట్‌దారుల మెజారిటీ ఓటు లేకుండా క్లబ్‌ని వేరే నగరానికి తరలించకూడదని సమాఖ్య నియమం పెట్టాలి. యజమాని నిజంగా నడపలేని స్థితికి వస్తే అదే ఊళ్ళో కొనేవాళ్ళ కోసం కనీసం ఒక సీజన్ ఎదురుచూడాలి. ఎవరూ దొరక్కపోతే క్లబ్ పేరు, రంగులు, చిహ్నం ఆ ఊరి అభిమానుల సంఘానికి అప్పగించాలి. వాళ్ళు జిల్లా లీగ్ నుంచి మొదలుపెట్టుకుంటారు. వింబుల్డన్ అభిమానులు అలాగే కింది నుంచి మొదలుపెట్టారు, ఇక్కడ జరగదని ఎవరూ అనుకోవద్దు.

దూరం నుంచి వచ్చేవాళ్ళ కోసం చిన్న పనులు కొన్ని చేయొచ్చు. వారాంతపు మ్యాచ్‌లకి మాత్రమే చెల్లే సగం సీజన్ టికెట్ ఒకటి పెట్టండి. రాలేని మ్యాచ్‌కి సీటు ఇంకొకరికి మార్చుకునే వీలు యాప్‌లోనే ఇవ్వండి. దాన్ని బ్లాక్‌లో అమ్ముకుంటారని భయమైతే, కొన్న ధర దాటకుండా క్లబ్ ద్వారానే మార్చేలా పెట్టండి. గుంటూరు, ఖమ్మం, వరంగల్ నుంచి వచ్చే గుంపులకి ఆర్టీసీతో మాట్లాడి మ్యాచ్ అయ్యాక ఒక బస్సు మైదానం నుంచే బయల్దేరేలా చూస్తే ఆడపిల్లలు కూడా ధైర్యంగా వస్తారు. మా గ్రూపులో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు. రాత్రి పదిన్నరకి గచ్చిబౌలి రోడ్డు మీద బస్సు కోసం నిలబడాలంటే ఇళ్ళల్లో ఒప్పుకోవడం లేదు.

క్లబ్బులన్నీ నష్టాల్లో ఉన్నాయనీ, టికెట్ల డబ్బు మొత్తం ఖర్చులో ఏ మూలకీ రాదనీ మీరంటారు. ఒప్పుకుంటాను. టికెట్ డబ్బు అంత చిన్నదైతే అవసరం పడ్డప్పుడు దాన్ని వెనక్కి ఇవ్వడం కూడా అంత పెద్ద భారం కాదు. పైగా నేను అడిగినవాటిలో చాలా వాటికి ఖర్చే లేదు. తేదీలు ముందు చెప్పడానికి, ఓటు అడగడానికి, సీటు మార్చుకోనివ్వడానికి ఎంతవుతుంది? యాజమాన్యానికి నష్టాలు వస్తున్నాయంటే, దాన్ని వదలకుండా పట్టుకుని ఉండే అభిమాని అవసరం ఇంకా ఎక్కువన్నమాట.

తెలుగువాళ్ళకి ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేదు, అందుకే జట్టు నిలవలేదు అనే మాట ఈ మధ్య తరచుగా వినపడుతోంది. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి. ఆ జట్లలో మెరిసిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ నుంచి వచ్చాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్‌ని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఇంత చరిత్ర ఉన్న చోట ఆసక్తి లేదనడం అన్యాయం. విజయవాడలో ఏ ఉదయమైనా మైదానాల వైపు వెళ్ళి చూడండి. క్రికెట్ పిచ్‌ల మధ్య మిగిలిన కాస్త జాగాలో, చెప్పుల జతలు గోల్ స్తంభాలుగా పెట్టుకుని ఆడే పిల్లలు కనపడతారు. ఒంటి మీద మాంచెస్టర్, బార్సిలోనా జెర్సీలు ఉంటాయి. వాళ్ళలో ఒకడు మొన్న నన్ను అడిగాడు, "అన్నా, మనకి ఏ జట్టు?" అని. హైదరాబాద్ ఎఫ్‌సీ అని చెప్పే రోజులు పోయాయి.

కొత్త క్లబ్ వస్తే మొదటి రోజే క్యూలో నిలబడేవాళ్ళం మేమే. అది బెదిరింపు కాదు, వాగ్దానమే. సీజన్ టికెట్ నాకు విలువైనదే అనిపిస్తుంది, సగం మ్యాచ్‌లు చూడలేకపోయినా కడతాను. పైన అడిగిన నియమాలు రాతపూర్వకంగా ఉంటేనే కడతాను. లేకపోతే మ్యాచ్‌మ్యాచ్‌కీ టికెట్ కొనుక్కుని వస్తాను, అరుస్తాను, ముందుగా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వను. మా గ్రూపులోనూ ఎక్కువమంది ఇదే నిర్ణయానికి వచ్చారు.

తర్వాతి సీజన్ టికెట్లు అమ్మకానికి పెట్టకముందే ఈ విషయాల మీద మీ నిర్ణయం బహిరంగంగా ప్రకటించండి. అభిమాన సంఘాలని పిలిచి మాట్లాడండి. హైదరాబాద్‌లో పిలిస్తే విజయవాడ నుంచి మేం వస్తాం, దారి మాకు బాగా తెలుసు.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని